బల్ల మీద నాలుగు సీసాలు

బ్యాంకాక్‌లో ఒక సందు. రేకుల కింద నాలుగు ప్లాస్టిక్ బల్లలు, ఒక నూడుల్స్ బండి, దాని వెనక కూరలు తరుగుతూ ఒకామె. ఉప్పల్ నుంచి వచ్చిన విజయభాస్కర్, అతని భార్య తమ్ముడు శశిధర్ ఎదురెదురుగా కూర్చున్నారు.

"థూ! ఉప్పు లేదు, కారం లేదు. ఏందిరా శశీ గిది, జరమొచ్చినోళ్ళకు పెట్టినట్టు?"

"ఈడ గంతే బావా. సప్పగనే ఇస్తరు. బల్ల మీద నాలుగు సీసాలున్నయ్ సూడుండ్రి. ఎవరికి కావాల్సింది ఆళ్ళే ఏసుకుంటరు."

"మరి ఆమె వండుడెందుకు? పిలువు."

"పిలిచి?"

"ఉప్పేసి తెమ్మను."

"మన మాట ఆమెకు రాదు. పోనీ, ఇసిరి కొట్టుండ్రి."

"ఏంది?"

"గిన్నె. ఇంట్ల కొడుతరు గదా."

"ఏయ్, మెల్లగ! ఆమె చేతిల కత్తి చూసినవా? మూరెడుంది."

"చూసిన. అందుకే ఈడికే తీస్కొచ్చిన."

"పాతవి తవ్వకురా. ఇన్నేండ్లకు మీ ఇంటోళ్ళకు అల్లుని మర్యాద ఎరుకైందని మస్తు ఖుషీ అయిన నేను. బావకు యాభై నిండినయని నువ్వే టికెట్లు తీస్తివి, నువ్వే హోటల్ మాట్లాడితివి..."

"తినుండ్రి. సల్లారుతది."

"మీ అక్క పొద్దుగాల్నుంచి ఫోన్ లేపుతలేదు."

"పనుంటది."

"ఏం పని దానికి? నేను లేను, వంట లేదు."

"అందుకే పనుంటది."

"ఏమో పో. గీ సీసల ఏంది? కంపు కొడుతుంది."

"చేపల నీళ్ళు. ఉప్పు బదులు అదే. రెండు చెంచాలేసి కలుపుకోండ్రి."

"నువ్వెయ్యి."

"మీరే ఏసుకోవాలె."

"ఏసియ్యిరా! ఎంతెయ్యాల్నో నాకేం ఎరుక?"

"యాభై ఏండ్లొచ్చినయ్. ఎంతెయ్యాల్నో ఎరుక లేదు. తక్కువైందని మాత్రం నాలుక మీద పెట్టంగనే ఎరుకైతది."

"శశీ..."

"నాలుగేండ్ల కింద, మీ బిడ్డ అమృత పుట్టినరోజు నాడు, నేను మీ పక్కనే కూసున్న. కాగే పప్పుచారు."

"చెయ్యి జారింది."

"జారలే. అక్క చెయ్యి తోలు లేసింది. దవాఖానకు నేనే తోల్కపోయిన. నర్సు అడిగితే, నా మీద నేనే పోసుకున్న అన్నది అక్క. నేను నోరు తెరవలే. అంతకుముందు నేనేం జేసిన్నో యాదికుందా? మీరు అలిగి బయటికి పోతుంటే బండి తాళం నేనే చేతికిచ్చిన. కోపం తగ్గినంక రాండ్రి బావా అన్న. థూ, నా బతుకు! ఆ మాట ఇంకా గొంతుల్నే ఉంది."

"సరే, అయిపోయింది గదా."

"యాడైంది? పోయిన నెల అమృత అడ్డమొస్తే, దాని మీదికే లేసింది గిన్నె."

"తగల్లేదు గదరా! ఏంది, సారీ చెప్పాల్నా? ఇంటికి పోయినంక చెప్త మీ అక్కకు. సరేనా?"

"ఏ ఇంటికి?"

"ఏ ఇల్లేందిరా? మా ఇంటికి."

"ఇయ్యాల పొద్దుగాల ఉప్పల్‌కు లారీ పోయింది. నాచారం నుంచి చిన్నాయన, చిన్నమ్మ వచ్చిన్రు. అక్క, అమృత ఆళ్ళ సామానేసుకొని ఎల్లిపోయిన్రు."

"యాడికి?"

"చెప్ప."

"మజాక్ జేస్తున్నవా?"

"మీరు ఇంట్ల ఉంటే అక్కను గడప దాటనిస్తరా? నాలుగు దినాలు మీరు ఊర్ల ఉండొద్దు. అందుకే తీసిన టికెట్లు. మర్యాదకు కాదు."

"నీ యవ్వ! పెట్టినింటికే పొగ పెడ్తవా? లే! ఎయిర్‌పోర్టుకు పోదాం, లే!"

"నువ్వు పో. రాత్రిలోపల నువ్వు ఇల్లు చేరినా ఇంట్ల ఎవ్వరుండరు. నేను మాత్రం ఇంకో ప్లేటు తింట. నాలుగేండ్ల తర్వాత అన్నం సయిస్తుంది నాకు."

"నువ్వు? నన్నే నువ్వంటున్నవా?"

"అంట."

"నా సామాను ముట్టిన్రో..."

"నీయి ముట్టలే. నీ మంచముంది, నీ టీవీ ఉంది. గోడ మీద నీ పప్పుచారు మరక ఉంది. స్టవ్వు, గిన్నెలు, డబ్బాలు, అన్నీ నీకే ఇడిచిపెట్టింది అక్క."

"శశీ... నేనెట్ల తినాలెరా?"

"నీ వంటింట్ల ఉప్పు డబ్బా ఏ అరల ఉంటదో ఎరుకనా బావా?"