హనుమేషప్ప తీగ

ఆ తీగ అట్ల కరెంటు వైరు పక్కనే కట్టొద్దు అక్షతమ్మా, దూరంగా కట్టు. గర్ర్ అని మోత వస్తాది. నాకెట్ల తెలుసంటావా? జీన్సు ప్యాంట్లు కుట్టే ముసిల్దానికి రేడియో సంగతి ఏం తెలుసు అనుకుంటాండావు. నీకన్నా ముందు ఇదే మిద్దె మీద తీగ కట్టినాయప్ప ఒగడుండె, హనుమేషప్ప అని. ఈ ఇల్లు అప్పుడు ఆయప్పదే. పైన ఆయప్ప, కింద బాడిగకు నేను. సిరుగుప్ప బస్సు డిపోలో చేసి రిటైరు అయ్యిండె. పెండ్లాము పోయిండె, కూతురు హుబ్లీలో ఉండె. మాట శానా తక్కువ. ఎదురుపడితే 'ఊట ఆయ్తా భీమక్కా' అని, తింటివా అని కన్నడంలో అడిగేటోడు, అంతే, తల దించుకోని పొయ్యేటోడు. అట్లాంటోడు పొద్దున్నే ఆ మైకులో మాట్లాడే రేడియో ముందర కూకుంటే వేరే మనిషి. కర్నూల్లో సీతారామారావు అని ఒగాయన, ఆయనకూ ఇట్లనే లైసెన్సు, తీగ అన్నీ ఉండె. ఇద్దురూ ఒగరి మొగం ఒగరు చూసిండ్లేదు. ఏం మాట్లాడుకుంటారనుకున్యావు? 'మీకాడ మబ్బు పట్టిందా రావుగారూ' అని ఈయన. 'యాడిదయ్యా, ఎండ పగులుతాంది, మోకాళ్లు పట్టుకున్యాయి' అని ఆయన. ఇంతే. మెట్ల మీద నుంచి అంతా కిందికి వినబడ్తాండె. దీనికింత సామాను కావల్లనా అని నాకు నగు వస్తాండె.

ఆ... ఏం చెప్తాంటి? మోత. నాకు కాళ్ల నొప్పులని మిషన్‌కు చిన్న మోటరు పెట్టిస్తి. నేను తొక్కితే పైన రేడియోలో ఎద్దు రంకేసినట్ల మోతంట. దిగి వచ్చె. వాకిట్లో నిలబడి, 'భీమక్కా, పొద్దున స్వల్ప సేపు మిషన్ ఆపుతావా' అనె. నాకు యాడలేని బేజారు. 'నీ మాటల కోసరము నా కడుపు కట్టుకోవల్లనా అప్పా?' అంటి. పాపం, మెట్లెక్కి పాయ. మర్సటి దినం చూస్తే తీగంతా ఇప్పి, నీళ్ల ట్యాంకు కాడి పైపు నుంచి ఎనక గోడ మీది వెదురుబొంగు దాకా కట్టుకుంటాండాడు, ఇంటి వైర్లకు దూరంగా. నా మోటరు గూడా ఇప్పి, లోపల గింజంత సామాను ఏందో అతికిచ్చె. వైరును నల్ల ఉంగరం లాంటిదానికి చుట్లు చుట్టె. మోత శానా తగ్గె. 'ఈగ రొద అంత ఉండాది, పర్వాలేదు, కుట్టుకో' అనె. అయినా ఆయప్ప మాట్లాడే టయానికి నేనే మిషన్ ఆపేదాన్ని. ఎవరు చెప్పిరని కాదు. ఆ కర్నూలాయన మోకాళ్లు ఎట్లుండాయో అని నాకూ వినే అలవాటైపాయ.

ఒగ దినం ఆ గొంతు రాకపాయ. తీగలో జాయింటు తుప్పు పట్టిందనె. గీకి, కొత్తగా అతికిచ్చె. మర్సటి దినమూ ల్యా. తీగను ఎత్తు చేసె, దించె, వైరు మార్చె. పక్కింటోళ్ల కాడికి పొయ్యి, ట్యూబ్‌లైటు ఆపండి అని అడిగె. మైసూరోళ్లు, మదరాసోళ్లు గంట కొట్టినట్ల వినపడ్తాండ్రి. అయినా తీగలోనే దోషం అనె. నేను ఉండబట్టక, 'పెద్దాయన గదా అప్పా, ఒంట్లో బాగల్యాదేమో' అంటి. నా పక్క చూడకనే, 'లేదు భీమక్కా, తీగే' అనె. ఎండలో మిద్దె మీదనే ఉంటాండె. మనిషి నల్లగా అయిపాయ. కడాకి ఎవురో కర్నూలు పిల్లోడంట, రేడియోలోనే చెప్పె. 'రావుగారు పోయి శానా దినాలాయ సార్, మీకు తెలీదా?' అని. నేనూ విన్యా. పైన రేడియో ఆఫు చేసిన సద్దు వినపడె.

కిందికి వచ్చె. నేను మిషన్ ఆపుకోని కూకోనుండా. 'ఇంగ ఆపొద్దు భీమక్కా, కుట్టుకో' అనె. పోలేదు, ఆడనే గడప మీద కూకుండె. నేను టీ పెట్టి ఇస్తి. గ్లాసు చేతిలోనే చల్లగాయ. 'ఏడుపు రాలేదక్కా. ఎవుర్ని తలుసుకోని ఏడ్సల్ల? ఆయన మొగం ఎట్లుంటాదో నాకు తెలీదే' అనె.

చల్లగైన టీ పారబోసి, మళ్లా వేడిగా పోసి ఇస్తి.

కట్టుకో, కట్టుకో అమ్మణ్ణీ. ఎండ ఎక్కుతాంది.