నిలువుగా పట్టుకుంటేనే

బడి ఆఫీసు గది. చివరి గంట కొట్టేశారు, పిల్లలు వెళ్లిపోయారు. కంప్యూటరు ముందు ఆఫీసు అమ్మాయి. బల్లకు ఇవతల, చేతిలో ఫోనుతో, చరిత్ర మాస్టారు.

"లేదు మాస్టారూ, ఇవాళే మార్చాలి. కొత్త లెక్కల టీచర్ ఫొటో కూడా ఇచ్చేశారు. హెడ్‌మాస్టారు పొద్దుట్నుంచి నా ప్రాణం తీస్తున్నారు."

"మార్చు. మార్చొద్దని నేనన్నానా? కాసేపు ఆగమంటున్నా."

"ఆగితే ఏమవుతుంది?"

"నాకు నేర్పుదువుగాని."

"ఏం నేర్పాలి?"

"వెబ్ పేజీని ఫోన్లో దాచుకోవచ్చటగా. నెట్టు లేకపోయినా తెరుచుకుంటుందట. పేపర్లో రాశాడు."

"దాచుకోవచ్చు. ఏ పేజీ?"

"మన బడిదే."

"మన బడి పేజీలో దాచుకోవడానికి ఏముంది మాస్టారూ? ఫీజులు, సెలవులు, మంచినీళ్ల ట్యాంకు ఫొటో."

"అవి కాదు. టీచర్ల పేజీ."

"ఓ. ఆ పేజీయా."

"ఏం, దాచుకోకూడదా?"

"అబ్బే, అలా అని కాదు. టీచర్ గారి ఫొటో కోసమని ముందే చెప్పొచ్చుగా. ఎందుకంత డొంకతిరుగుడు? ఆ ఒక్కటీ విడిగా తీసి, పెద్దది చేసి పంపిస్తా. కావాలంటే ప్రింటు తీసిస్తా."

"ఫొటో వద్దు."

"మరి?"

"పేజీ కావాలి."

"పోయినావిడ ఫొటోనే కదా మీకు కావలసింది?"

"ఆవిడ ఊసు నేనెత్తానా? పేజీ అన్నాను."

"పేజీ అంటే అందులో డ్రిల్లు మాస్టారు కూడా ఉంటారు."

"ఉండనీ. ఆయన మీసం ఫోనుకేం బరువా?"

"పోనీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. రెండు బటన్లు కలిపి నొక్కడమే."

"తీశాను. బాగాలేదు."

"దానికేమైంది?"

"గోడకి తగిలించిన పటంలా ఉంది. కదలదు. పేజీ అయితే వేలితో జరుపుకుంటూ పోతాం కదా. ముందు హెడ్‌మాస్టారు వస్తారు, ఆయన పక్కన సైన్సు మాస్టారు. ఆ తరవాత... ఆ తరవాత తక్కినవాళ్లు. స్టాఫ్‌రూమ్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లినట్టుంటుంది."

"తక్కినవాళ్లు."

"ఆఁ, తక్కినవాళ్లు. నా క్లాసులో ఇన్ని ప్రశ్నలు వేసి ఉంటే నీకు ఫస్టు క్లాసు వచ్చేది."

"చరిత్రలో వచ్చింది మాస్టారూ. లెక్కల్లోనే టీచర్ గారు కరుణించలేదు. 'జవాబు ఒప్పే, ఎలా వచ్చిందో చూపించలేదు' అని సగం మార్కులు కోసేసేవారు."

"ఆవిడంతే. చూపించి తీరాలి."

"సంతాప సభలో ఈ మాటైనా చెప్పారా మీరు? 'వేళకి వచ్చేవారు, సుద్దముక్క వృథా చేసేవారు కాదు' అని కూర్చుండిపోయారు."

"అబద్ధమా?"

"అబద్ధమని కాదు."

"వాళ్ల అన్నగారు ముందు వరసలో ఉన్నారు. ఇంకొక్క మాట ఎక్కువ చెబితే, తమరేమవుతారండీ అని అడిగితే?"

"ఎవరడుగుతారు మాస్టారూ అలా?"

"ఎవరూ అడగరు. అడిగినా నా దగ్గర జవాబు లేదు. ఆయనొచ్చి సొరుగు ఖాళీ చేసుకుని వెళ్లారు. స్వెట్టరు, కళ్లజోడు డబ్బా, బోర్డు మీద గీసే చెక్క కంపాసు. నేను బీరువా దగ్గర నిలబడి ఏదో వెతుకుతున్నట్టు... ఆ కంపాసు ఉంచేస్తారా అని నోటిదాకా వచ్చింది."

"అడగాల్సింది."

"ఏమవుతానని అడగను? సరే, ఆ సంగతి వదిలెయ్. ఫోను చూడు."

"ఇలా ఇవ్వండి. పేజీ తెరిచే ఉందే. ఈ మూలన మూడు చుక్కలున్నాయి, చూశారా? అవి నొక్కితే ఇదిగో, కిందికి బాణం గుర్తు. అది నొక్కాలి."

"నొక్కాను."

"అయిపోయింది."

"అంతేనా?"

"అంతే. ఇకమీదట బడి లింకు మాత్రం నొక్కకండి, కొత్త పేజీ వచ్చేస్తుంది. ఈ డౌన్‌లోడ్స్‌లోంచే తెరవాలి."

"నెట్టు ఆపేసి చూపించు."

"నమ్మకం లేదా? ఇదిగో, ఆపేశాను. వచ్చిందా? ఉండండి, కాస్త పెద్దగా కనబడేలా పక్కకి తిప్పి..."

"తిప్పకు."

"ఏం కాదు మాస్టారూ, పక్కకి తిప్పితే..."

"తిప్పకమ్మా. తిప్పితే ముగ్గురేసి అయిపోతారు."

"ముగ్గురేసి?"

"నీ కంప్యూటర్లోనూ అంతేగా, వరసకి ముగ్గురు. మూడో ఫొటోతో పై వరస అయిపోతుంది, నేను కిందికి పడతాను. ఫోను నిలువుగా పట్టుకుంటేనే ఇద్దరేసి. ఏమిటి, అలా చూస్తున్నావు?"

"ఏం లేదు. ముగ్గురేసి అన్నారు కదా, ఎక్కడో విన్నట్టుంటేనూ. మూడోది టీచర్ గారు. నాలుగోది మీరు."

"ఊఁ."

"ఇప్పుడు ఆవిడని తీసేసి కొత్త టీచర్‌ని చివర పెడితే మీరంతా ఒక్కో గడి ముందుకి జరుగుతారు. మీ పక్కకి డ్రిల్లు మాస్టారు వస్తారు."

"ఊఁ. మంచివాడే."

"ఇద్దరూ పక్కపక్కన ఉన్న ఫొటో ఇంకోటి లేదా? ఏటా గ్రూపు ఫొటో తీస్తారుగా."

"ఆడవాళ్లు ముందు కుర్చీల్లో, మేం వెనక బెంచీ ఎక్కి. స్టాఫ్‌రూమ్‌లో ఆవిడ కిటికీ దగ్గర, నేను బీరువా దగ్గర. ఇవి కూడా నువ్వు విడివిడిగా తీసినవే కదా. ఆవిడకేమో ఎండ కళ్లలో పడింది, నేనేమో పక్కకి చూస్తున్నాను."

"పక్కకి చూడకండి అని అరిచాను కూడా."

"అరిచావు."

"ఒక్కసారైనా చెప్పలేదా మాస్టారూ ఆవిడతో?"

"ఏం చెప్పాలి?"

"నన్నడుగుతారేం?"

"చెబుదామనుకునేలోపు గంట కొట్టేసేవారు."

"ఇన్నేళ్లూనా?"

"ఇన్నేళ్లూ కొట్టారు కదమ్మా గంట."

"సరే మాస్టారూ, అడగన్లెండి."

"ఇక నీ పని నువ్వు చేసుకో. నాది అయిపోయింది. ఇంటికెళ్లి చూసుకుంటాను. అక్కడ నన్ను ఇన్ని ప్రశ్నలు అడిగేవాళ్లు కూడా లేరు."

"ఫోను ఒక్కసారి ఇలా ఇవ్వండి."

"అయిపోయిందన్నావుగా?"

"ఇంకొకటి మిగిలింది. ఇదిగో, ఈ గుర్తు నొక్కి ఉంచుతున్నాను. ఇక మీరు ఎటు తిప్పినా పేజీ తిరగదు. నిలువుగానే ఉంటుంది."

"అలాంటిది కూడా ఉందా? మంచం మీద పక్కకి ఒత్తిగిల్లి చూస్తుంటే ఊరికే తిరిగిపోతోంది. లేచి కూర్చోవాల్సి వస్తోంది."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"ఆస్పత్రికి వెళ్లే ముందు టీచర్ గారు వచ్చారు. వార్డులో నెట్టు రాదట, ఈ పేజీ ఫోన్లో దాచిపెట్టమన్నారు. బడి మీద బెంగ కాబోలు అనుకున్నాను."

"బడి మీదే అయి ఉంటుంది."

"రెండ్రోజులాగి అక్కణ్నుంచి ఫోన్ చేశారు మాస్టారూ. 'పడుకుని చూస్తుంటే ముగ్గురేసి అయిపోతున్నారమ్మా, తిరక్కుండా ఎలా చెయ్యాలి' అని."