తలుపు మీది వాన

1985. అత్తిమంజేరిపేటలో ఒక నేతగత్తె ఇల్లు. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే అలుగును వెడల్పు చెయ్యాలని ఊరోళ్ళు పెట్టుకున్న అర్జీ చేతబట్టుకొని తిరువళ్ళూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చినాడు.

"వాన మారిందని రాసినారు. మా రికార్డు ప్రకారం ఇరవై ఏండ్లుగా ఏడాదికి అంతే వాన పడుతోందమ్మా."

"ఎంత పడిందో మీకు తెలుసు సారు. ఎన్ని దినాలు పడిందో ఈ తలుపు చెప్తుంది."

"ఈ బొగ్గు గీతలా? పిల్లోళ్ళు గీసినారనుకున్నానే!"

"మా మామ గీసినాడు. ఆయన పోయినాక నేను గీస్తా ఉండాను. పొద్దున్నే పడుగు వీధిలో చాపి గంజి పెట్టాల గదా. వాన వచ్చి చాపలేని దినానికి ఒక గీత."

"పైవరస ఎప్పటిది?"

"అరవై అయిదు, దీపావళి వచ్చే ఐప్పసి నెల. లెక్కపెట్టండి."

"పంతొమ్మిది."

"అడుగువరస పోయినేడు ఐప్పసిది."

"ఆరే ఉండాయి. అంటే పంతొమ్మిది దినాల వాన ఆరు దినాల్లోనే పడిందా!"

"పాత అలుగు అంత నీళ్ళు యాడ పంపుతుంది సారు? అందుకే పోయినేడు చెరువు కట్ట తెగింది."

"మరి ఇన్నేండ్లూ ఎవరూ చెప్పలేదేమ్మా?"

"గీతలు తగ్గేకొద్దీ మాకు పని దినాలు పెరిగినాయి. మంచి కాలం వచ్చిందని సంతోషపడినాము."

"ఇది పైవాళ్ళకు చూపించాల. ఫోటో తీసుకోనా?"

"ఫోటో ఏల? తలుపే ఊడదీసుకొని పోండి. అలుగు కట్టినాక తెచ్చి పెడుదురు. అందాకా ఈ ఇంటికి తలుపు లేదని మీకు గుర్తుంటే చాలు."