పరాస్కా గారు వద్దన్న అధ్యాయం

1986 సెప్టెంబరు ఒకటో తేదీన, ప్రెషోవ్ నగరంలోని మన పత్రికా కార్యాలయంలో వ్యవసాయ విలేఖరిగా అడుగుపెట్టిన శ్రీమతి జెల్మీరా హుదాకోవా గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారంటే, అభినందించడం అటుంచి, ముందు నమ్మడానికే మనకు కొంత వ్యవధి కావాలి! సహకార క్షేత్రాల దిగుబడులను పైనుంచి వచ్చిన అంకెల ప్రకారమే రాయవలసిన ఆ రోజుల్లో, స్వయంగా బంగాళాదుంపల చేలోకి దిగి రైతులను విచారించి, చేరిన నెలలోనే మందలింపు అందుకున్న ఘనత వారిది.

1989 నవంబరులో కమ్యూనిస్టు ప్రభుత్వం దిగిపోవాలంటూ జనమంతా కూడలిలో తాళంచెవులు గలగలలాడిస్తుంటే, వార్త రాయడానికి వెళ్ళిన జెల్మీరా గారు తామూ తాళంచెవులు ఊపి, నినాదాలిచ్చి, గొంతు పోగొట్టుకుని తిరిగివచ్చారు. ఆ ప్రభుత్వం పోయి స్వేచ్ఛ లభించాకే వారిలోని గ్రంథకర్త్రి మేల్కొన్నారు. జలాశయం కోసం ఖాళీ చేయించిన యెల్షింకా గ్రామస్థుల గాథను ఏళ్ళ తరబడి సేకరించి గ్రంథస్థం చేశారు.

చెప్పినవారి సమ్మతి పొందాకే అచ్చువేయడం మన వృత్తిలో ఆనవాయితీ. మనలో చాలామందిమి ఆ పనిని ఫోనులోనే చక్కబెట్టేస్తాము. జెల్మీరా గారు మాత్రం చెప్పినవారి ఇంటికే వెళ్ళి, వంటగదిలో కూర్చుని, రాసినదంతా బిగ్గరగా చదివి వినిపిస్తారు. ఆ పట్టుదలే యెల్షింకా గురించిన ఆ మొదటి గ్రంథానికి గండమై కూర్చుంది.

ఆ గ్రంథానికి ప్రాణమనదగినది పరాస్కా గారి అధ్యాయం. పరాయివాళ్ళ యంత్రాలు కూల్చుతుంటే చూడలేక, ఊరు విడిచే నాడు తన ఇంటికి తానే నిప్పు పెట్టుకున్న వితంతువు ఆమె. అధికారులే తగలబెట్టించారని ఆమె ఇద్దరు కొడుకులూ చెప్పుకుంటూ వచ్చారు. జెల్మీరా గారు ఆ అధ్యాయం చదివి వినిపించడం పూర్తయ్యేసరికి పరాస్కా గారు పొయ్యిమీది క్యాబేజీ చారు మరిచి ఏడుస్తున్నారు.

“కొట్టెయ్ అమ్మాయ్. వాళ్ళ నాన్న కట్టిన ఇల్లది. నేనే కాల్చానంటే నా మొహం చూస్తారా?”

“తీసేస్తాను పిన్నీ. ఏడవకండి.”

అప్పటి సంపాదకులు రుడోల్ఫ్ గారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

“మతిపోయిందా జెల్మీరా? ప్రెస్సువాళ్ళు కాచుక్కూచున్నారు! ఆ ముసలావిడ తన నోటితోనే చెప్పిందిగా?”

“చెప్పిందీ ఆవిడే, వద్దన్నదీ ఆవిడే సార్. కథ ఆవిడది.”

అధ్యాయం పోయింది. పుస్తకం చప్పబడిపోయిందని జెల్మీరా గారు చాలా రోజులు బాహాటంగానే బాధపడ్డారు.

అయినా పుస్తకావిష్కరణ రోజున, మన ఆచారం ప్రకారం పుస్తకం మీద గింజలు చల్లి దానికి బాప్తిస్మం చేసే జ్ఞానతల్లిగా వారు పిలిచింది మరెవరినో కాదు, పరాస్కా గారినే! కిక్కిరిసిన గ్రంథాలయంలో, కొడుకులు ముందు వరసలో చూస్తుండగా, పుస్తకం మీద గసగసాలు చల్లబోయి ఆమె ఆగిపోయారు.

“ఇందులో నా ముక్క ఒకటి లేదు. నేను వద్దంటే ఈ పిల్ల మారుమాటాడకుండా తీసేసింది. ఇంత మర్యాద చేసినదాని పక్కన నేను దొంగలా నిలబడలేను. ఒరేయ్ అబ్బాయిలూ, మన ఇల్లు కాల్చింది నేనేరా!”

పెద్దకొడుకు వాసిల్ లేచివచ్చి తల్లి భుజం పట్టుకున్నాడు.

“ఆ రోజే తెలుసమ్మా మాకు. నీ తలగుడ్డంతా కిరసనాయిలు వాసనేగా! నువ్వు బాధపడతావని మేమే ఆఫీసర్ల మీదికి నెట్టేశాం.”

ఆనాటి చప్పట్లు వినని వారి దురదృష్టానికి చింతిస్తున్నాము! ఆ అధ్యాయం రెండో ముద్రణలో సగౌరవంగా చేరింది. తరువాతి గ్రంథాలూ పురస్కారాలూ మనందరికీ తెలిసినవే.

ఒక తల్లీ ఇద్దరు కొడుకులూ ఒకరికి తెలియకుండా ఒకరు మోస్తున్న బరువును, తమ గ్రంథంలోని ప్రాణాన్నే వదులుకుని దించిన మనిషికి నిండు నూరేళ్ళ ఆయురారోగ్యాలు ఇవ్వడం ఆ దేవుడికి ఏమంత పెద్ద పని? ఇచ్చి తీరాలని మనమందరం గట్టిగా అడుగుతున్నాము.