కుర్చీ రోగికి, సైకిలు కాగితానికి

1970 జూలై ఆరవ తేదీన, గుమ్మఘట్ట బడిలో పన్నెండేళ్లు పాఠాలు చెప్పి వచ్చిన శ్రీ గంగాధరప్పగారు, అనంతపురం శివార్లలోని మన నూలు మిల్లు కార్మిక సంక్షేమ విభాగంలో గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు ఎర్రమట్టి సుడిగాలిలోంచి నడిచి వచ్చినట్టు గేటు దాటి వచ్చారని పాతవాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు.

ఆ దశకమంతా ప్రభుత్వ ఈ.ఎస్.ఐ. ఆరోగ్య బీమా కాగితాలతోనే గడిచింది. జీతం ఈ.ఎస్.ఐ. పరిమితి దాటిన కార్మికుల కుటుంబాల కోసం 1986లో మిల్లు గ్రూపు బీమా తీసుకున్నాక, అప్పటికి విభాగాధిపతి అయిన గంగాధరప్పగారి మీద కొత్త భారం పడింది: ఎవరి వైద్యానికి ఏ బీమా వర్తిస్తుందో రెండు కార్యాలయాలనూ ఒప్పించడం. రోగి వస్తే తమ కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం పట్టుకుని తామే సైకిలెక్కేవారు. సారును వెతుక్కుంటూ వెళితే ఆ కుర్చీలో ఎవరో దగ్గుతూ కనబడేవారు!

1987 మే నెల. మారెప్ప అనే కార్మికుడి భార్య సుంకమ్మకు కడుపులో గడ్డ. ఆపరేషన్ ఆలస్యమైతే ప్రాణానికే ముప్పన్నారు డాక్టర్లు. ఆ నెలలోనే మారెప్పకు జీతం పెరిగింది. పరిమితి దాటాడు కదా అని, వారి కింద పనిచేసే నేను, మహా తెలివిగా, ఈ.ఎస్.ఐ. జాబితాలో అతని పేరు కొట్టేశాను. దాటినా సెప్టెంబరు దాకా ఆ రక్షణ కొనసాగుతుందన్న నిబంధన నాకు తట్టనే లేదు. ఈ.ఎస్.ఐ. వారు జాబితాలో పేరు లేదన్నారు. గ్రూపు బీమావారు సెప్టెంబరు దాకా తమకు సంబంధం లేదన్నారు. మూడు రోజులు ఆ దంపతులు మండుటెండలో తిరిగారు.

నాకు తిట్లు తప్పవనుకున్నాను. గంగాధరప్పగారు సుంకమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, "నేనొచ్చేదాకా ఈడ్నే ఉండమ్మా" అన్నారు. నాతో మాత్రం, "ఏమప్పా వెంకటేశులూ, తిరగాల్సింది కాగితం, మనిషి కాదు. తప్పు దిద్ది రాసియ్యి" అన్నారు. ఎండమావుల్లో ఆ సైకిలు కరిగిపోతున్నట్టు కనబడడం నాకిప్పటికీ కలలో వస్తుంది. సాయంత్రానికి అనుమతి పత్రంతో తిరిగొచ్చారు. మరునాడే ఆపరేషన్ జరిగింది, సుంకమ్మ బతికింది. ఆ రోజు సిగ్గుతో ఏడ్చాను, అబద్ధమెందుకు!

ఈ 1988 జూన్ ముప్పయ్యో తేదీన వారు విరమిస్తున్నారని విని, సుంకమ్మ మొన్న కణేకల్ నుంచి వచ్చింది. వారు అలవాటుగా లేచి కుర్చీ చూపి, "కాగితం యాడుందమ్మా?" అని చెయ్యి చాపారు.

"నాకేం కాగితం లేదు సామీ. ఇన్నేండ్లూ అందరినీ కూర్చోబెట్టినావు. ఈ పొద్దు నువ్వు కూర్చో, నేను చూడల్ల" అందామె.

వారు కూర్చున్నారు. శ్రీమతి యశోదమ్మగారితో కలసి వారు నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలనీ, ఏ బీమా కాగితంతోనూ వారికి పని పడకూడదనీ, ఒకవేళ పడితే, వారు అలాగే కూర్చుని ఉండగా సైకిలెక్కే భాగ్యం నాకు దక్కాలనీ మనసారా కోరుకుంటున్నాను.

– వెంకటేశులు, సంక్షేమ విభాగం