తాడు పట్టేటోడు

కూసో మల్లేశూ. నిలబడితే కాళ్ళు నొస్తయి తప్ప నా మీద కోపం తగ్గదు. చాయ్ తాగు. తాగవా? సరే, పక్కన పెడ్త.

నాలుగు దినాల సంది నేను మాట్లాడుతనే ఉన్న, నువ్వు ఒక్క మాట అనకపోతివి. లోపల మీ బావ ఎర్రయ్య తుంటి ఇరిగి మంచంల పడె. మీ అక్క చెంచులక్ష్మి ఆయన కాళ్ళ కాడ కూసొని లేస్తలేదు. నువ్వేమో ఈ దవాఖాన మెట్ల మీద మూగనోము పడితివి. జనం ఏమంటుండ్రో ఎరుకేనా? కండక్టర్ సారుకు టికెట్లు కొట్టుడు సాలక పుస్తకాలు రాసె, పుస్తకాలు సాలక చెంచోళ్ళను కొండ మీదికెల్లి దింపె అంటుండ్రు. అననియ్. అబద్ధమైతే గద కోపం రావాలె.

నేను చదివింది ఏడో తరగతి. ముప్పై ఏండ్లు కొత్తకోట బస్సుల నిలబడ్డ. ఎవ్వని చిల్లర ఎగ్గొట్టలే, ఎవ్వని చేతి చాయ్ పుణ్యానికి తాగలే. రిటైరైనంక మూడు చిన్న పుస్తకాలు రాసిన. అన్నిట్లదీ ఒకటే మాట. కష్టం ఒకలది, కూలి ఒకలది కావొద్దు. గంతే. గంత చిన్న మాట నమ్ముకుంటె మనిషి చెడిపోతడా? చెడిపోడనే అనుకున్న.

మీ ఆచారం నాకు తెల్వంది గాదు. రెండో పుస్తకంల నేనే రాస్తి. కొండచరియకు దిగి తేనె కోసేటోని తాడు వాని బామ్మర్దే పట్టాలె. సొంత అన్నదమ్ముడైనా పట్టొద్దు. బామ్మర్దైతే అక్క బొట్టు పోగొట్టుకోడు, చెయ్యి ఇడువడు. గది అచ్చయినంక మా ఇంటామె తిరుపతమ్మకు చదివి ఇనిపించిన. ఆమె నవ్వింది. "మా తమ్మునికి నీ తాడు ఇచ్చి చూడు, నీ నీతులు ఇని ఇని ఉన్నడు, ఎప్పుడో ఇడుస్తుండె" అన్నది. నేను గూడ నవ్విన. రాసినోన్ని గద, రాసింది నమ్మాలని యాడుంది?

పోయినేడు కొండ కాడ తేనె వేడుక పెట్టినోళ్ళు నా పుస్తకం చూసే వచ్చిండ్రు. తేనె కోసుడు పట్నపోళ్ళకు చూపిద్దం, చెంచోళ్ళకు నాలుగు పైసలొస్తయి అన్నరు. నాకు సంతోషమే ఆయె. మీ బావ దిగిండు, నువ్వు తాడు పట్టినవు. పెద్ద కూలి రెండూ మీ ఇద్దరికే. కింద పొగ పెట్టిన నాగన్నకు సగం కూలి. వాడు ఏమనలే. ఇంటికి పొయ్యేటప్పుడు నా చెప్పులు దులిపి ఇచ్చి, "నాకు అక్కచెల్లెండ్లు లేరు సారూ, పట్టనీకె బావ యాడికెల్లి వస్తడు" అన్నడు. వాని పెండ్లాంకు అన్నదమ్ములు గూడ లేకపాయె, దిగుదమంటె పట్టేటోడు లేడు. అంటె ఆ మనిషి బతికినంత కాలం పొగ పెట్టుడేనా?

గా మాట ఏడాది నన్ను కుట్టింది మల్లేశూ. తేనెటీగ ఒక్కసారే కుడ్తది.

గందుకే ఈ ఏడు మొండికేసిన. వేడుక పెట్టే శ్రవణ్ కుమారుకు ఖడాఖండిగ చెప్పిన. తాడు కూలి నాగన్నకు ఇస్తేనే నేను వస్త, లేకుంటె నా పేరు గూడ పిలుపు కాయిదం మీద ఏసుకోవద్దు అన్న. ఆయనకేం పోయింది? ఎవలైతే ఏంది సార్, ఫొటోల తాడే గద కనబడేది అన్నడు. చూసినవా, ఆయనకు మీ ఆచారం అక్కర లేదు, నా న్యాయం అక్కర లేదు. మధ్యల గుంజుకున్నది నేనొక్కన్నే.

నాగన్న చేతులు చూసినవా నువ్వు? పోయి చూడు జర. రెండు అరచేతుల తోలు లేసిపోయింది. వాడు కావాలని ఇడువలే. పొగ గాలికి మర్లింది, ఈగలు పైకి లేసినయ్, కంటి మీద ఒకటి వాలితె ఒక్క చెయ్యి తీసిండు. ఒక్క చెయ్యే. మిగిలిన చేతిల తాడు సర్రున జారుతుంటె గూడ ఇడువకుండ పండ్లు కొరికి పట్టిండు. వాడు గట్ల పట్టబట్టే మీ బావ తుంటితోని బయటపడ్డడు.

నువ్వైతే ఆ చెయ్యి తీద్దువా? నిజం చెప్పు. నా కన్ను పోనీ గాని అక్క బొట్టు పోవద్దు అనుకుందువా? నాకు తెల్వదు. నాలుగు దినాల సంది గిదే అడుక్కుంటున్న, ఎటు జెప్పినా నిద్ర పడ్తలేదు.

ఇగ అసలు మాటకు వస్త. ఈ కాయిదం ఉన్నదే, పొద్దున శ్రవణ్ కుమార్ ఇచ్చి పోయిండు. ఆపరేషన్ సర్కారు కార్డు మీద అయితది, దానికి పరేషాన్ లేదు. ఆరు నెలలు మీ బావ లేవడు. పిల్లలు ముగ్గురు. ఆళ్ళు లక్ష ఇస్తమంటుండ్రు. కాకుంటె మేము వద్దన్నా ఎర్రయ్య తనంతట తానే దిగిండు అని రాసియ్యాలె. ఇంటోళ్ళ తరఫున ఒక సంతకం, అది నీది. ఆ లక్ష నేనే ఇద్దునంటె నా పింఛను మూడు వేలు దాటదు. అప్పు చెయ్యొద్దని ఊరంత చెప్పి తిరిగినోనికి అప్పిచ్చేటోడు ఎవడు?

కాయిదం రాసింది ఎవరనుకున్నవ్? నేనే. ఆళ్ళ పిలగాడు రాసింది తప్పులతడకగ ఉంటె చించేసి, మంచిగ మళ్ళ రాసిన. బతుకుల మొదటిసారి అబద్ధం రాసిన, ఒక్క కొట్టివేత లేదు.

నీ సంతకం తీస్కొని సప్పుడు చెయ్యకుండ పోదమనే వచ్చిన. పోలేకపోతున్న. ఎందుకంటె నువ్వు గిట్ల మూగోని లెక్క కూసున్నది మీ బావ తుంటి ఇరిగినందుకు గాదు. నిన్ను కాదని మీ బావే నాగన్నకు తాడు ఇచ్చిండని నువ్వు అనుకుంటున్నవ్. అవునా? ఆ పొద్దు నువ్వు అలిగి దూరంగ నెమలినార చెట్టు కింద కూసున్నవ్. నీకు ఇనబడలే.

మీ బావ ఇయ్యలే మల్లేశూ.

అంచు మీదికి పోయి ఆగిండు. ఎనుకకు చూసిండు, నీ దిక్కే. నా చెవి కాడికొచ్చి, "సారూ, మల్లేశును పిలువుండ్రి, ఆడు లేంది నేను దిగ" అన్నడు. పట్నపోళ్ళు ఫోన్లు పట్టుకొని నిలబడ్డరు. నాగన్న అప్పటికే తాడు నడుముకు సుట్టుకొని నా మొకం చూస్తుండు. మొదటిసారి నిండు కూలి తీస్కునే మొకం అది. నేనేమన్న ఎరుకేనా? నలుగురు ఇనేటట్టే అన్న. "నాగన్న మనిషి గాడా ఎర్రయ్యా? నీ లెక్క అందరికి బామ్మర్దులు ఉంటరా?" అన్న.

మీ బావ సిగ్గుపడ్డడు. నాగన్న ముందట ఆ మాట పడ్డందుకు సిగ్గుపడ్డడు. తల వంచుకొని దిగిండు.

నేను చెప్పింది తప్పా? ఇప్పటికి గూడ ఆ మాటల నాకు తప్పు దొరుకుతలేదు. గదే నా బాధ. తప్పైతే ఒప్పుకొని కాళ్ళు పట్టుకుందును.

ఇప్పుడు నీకు నిజం చెప్పిన. చెప్పి, అబద్ధం మీద సంతకం అడుగుతున్న. డెబ్బై ఏండ్లకు నా న్యాయం ఈ కాడికొచ్చింది.

ఏంది, ఏలు ముందటికి పెడ్తున్నవ్? ఏలుముద్ర వద్దు. మీ చెంచుగూడెంల చెట్టు కింద కూసోబెట్టి నీకు సంతకం నేర్పింది నేనే గద. ఏలుముద్ర ఏస్తె మోసం చేస్తరు, పూరా చదివే పెట్టాలె అని బెత్తం పట్టుకొని చెప్పిన గద. ఇగో, పెన్ను.

చదువు బిడ్డా. పూరా చదువు. చదివినంక గూడ పెట్టమనే అంటున్న.