ఖర్జూర చెట్టుకు ఆవిడ పేరు వద్దు

పెద్దలారా, అక్కచెల్లెళ్లారా, ఈ గోబీ దుమ్ముగాలిలో ఎక్కడెక్కడి గుడారాల నుంచో బయలుదేరి వచ్చిన తల్లిదండ్రులారా!

మన టీచరమ్మ వెళ్లిపోయింది. బడి తెరిచిన వారానికే, పిల్లలకు కథ చదువుతూ చదువుతూ కుర్చీలో వెనక్కి వాలింది. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పేసరికి పిల్లలింకా తర్వాతి వాక్యం కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. మన ఆచారం ప్రకారం పోయినవాళ్ల పేరు పలకం. నేనూ పలకను. అయినా ఈ ఊళ్లో టీచరమ్మ అంటే ఇంకెవరున్నారు?

నేను గొంచిగ్‌ని, పశువుల డాక్టర్ని. నా దగ్గరికొచ్చే రోగులకు మాటలు రావు. వాటితో తిరిగి తిరిగి నాకూ ప్రసంగాలు రాకుండా పోయాయి. తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో కూడా డైరెక్టర్ గారే చెప్పారు. ఆవిడ ఓర్పు గురించి, ఆవిడ సేవ గురించి, ఆవిడ వల్ల మన బడికొచ్చిన బహుమతి గురించి. ఓర్పు, సరే. సేవ, సరే. బహుమతికి మాత్రం నేను సరే అనలేను.

ఒకసారి ఈ హాలంతా చూడండి. ఎవరు లేరు? ఆవిడ దగ్గర చదువుకున్న పెద్దవాళ్లున్నారు. ఆవిడతో పనిచేసినవాళ్లున్నారు. ఆవిడ చేతిలో ఉన్న పిల్లలేరీ? బయట, మెట్ల మీద, ఆ గాలిలో కూర్చుని ఉన్నారు. లోపలికి రమ్మని నేను వెళ్లి పిలిచాను. మా అమ్మాయి మిచిద్ నా మొహం కూడా చూడకుండా అంది: "ఆ చెట్లున్న గదిలోకి మేం రాం, నాన్నా."

ఏ చెట్లో మీకు చెప్పక్కర్లేదు. ఇవే, నా వెనక ఉన్నవే. ఈ పసుపు ఇసుక, ఈ కాగితపు ఖర్జూర చెట్లు, తలపాగా చుట్టిన ఈ బొమ్మలు. దీనికి టీచరమ్మ పేరు పెట్టాలని ఈ సభ చివర ఒక తీర్మానం ఉంది. పేరు చెక్కిన పలక కూడా తయారైంది. మేకు కొట్టడమే తరువాయి. పోయినవాళ్ల పేరు నోటితో పలకడానికి జంకే మనం, ఆ పేరు తీసుకెళ్లి కాగితపు చెట్టుకు మేకు కొట్టి తగిలిస్తామా? అది తెలుసుకునే నేనివాళ మాట్లాడతానన్నాను. డైరెక్టర్ గారు నన్ను క్షమించాలి. క్షమించకపోయినా ఫర్వాలేదు.

మిత్రులారా, ఆవిడ ఇక్కడి మనిషి కాదు. ఉత్తరాన అడవుల్లో పుట్టింది. మొదటిసారి బస్సు దిగినప్పుడు నీడ కోసం వెతికి, చివరికి బస్సు నీడలోనే నిలబడిందని మా అమ్మ చెప్పేది. అలాంటి మనిషి పోయిన చలికాలంలో పిల్లలకు ఒక నవల చదవడం మొదలుపెట్టింది. ఏదో దూరదేశపు ఎడారి కథ. బిడారు నుంచి తప్పిపోయిన ఒక పిల్ల, ఒక కుంటి ఒంటె, వాటి నడక. రోజూ పొద్దున్నే, పొయ్యి రాజుకుని గది వేడెక్కేలోపు, కాసేపు చదివేది. చదివి పుస్తకం మూసి, పిల్లలతో ఏమందో తెలుసా? "నేను అడవి మనిషిని. నాకు ఎడారి తెలీదు. మీరే చూపించాలి."

పిల్లలు ఊరుకుంటారా? టీచరుకు తెలియనిది తమకు తెలుసంటే ఏ పిల్లలు ఊరుకుంటారు?

ఆ నవల్లో ఒక చోట నీళ్లు అయిపోతాయి. ఒంటె పక్కనే ఉంటుంది, పిల్ల దాహంతో పడిపోతుంది. ఆ రోజు టీచరమ్మ మన హందా అవ్వను తరగతికి పిలిచింది. కథ విని తప్పులు చెప్పమంది. అవ్వ చివరిదాకా విని, ముక్కుపొడి పీల్చి, "ఏమమ్మా, ఆ ఒంటె ఈనిందంటివి కదా, పాలు పితుక్కోవడం రాదా ఈ పిల్లకి? వాళ్లమ్మ ఏం నేర్పింది?" అందట. తరగతి తరగతంతా పడి పడి నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వి, అప్పటికప్పుడు ఒక పని చెప్పింది. ఆ పిల్ల మీ గుడారం దగ్గర దారి తప్పితే ఎలా బతుకుతుందో చేసి చూపించండి అని. హందా అవ్వా, నువ్వక్కడ కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నావు. ఆ రోజు నువ్వన్న మాటే అంతటికీ మొదలు.

ఆ తర్వాత వారాంతానికి ఇళ్లకెళ్లిన ప్రతి పిల్లా ఏదో ఒకటి మూటగట్టుకుని తిరిగొచ్చింది. ఒకడు వాళ్ల బావి దగ్గర నల్ల గులకరాళ్లు తెచ్చాడు. ఒకమ్మాయి అడవి ఉల్లి ఎండబెట్టి తెచ్చింది, వాసన కోసం. జాగ్ పొద పుల్లలు తెచ్చారు, ఒంటె పేడ తెచ్చారు. మనం ఆడుకునే గొర్రె కీలు ఎముకల్ని, వాటి నాలుగు పక్కల్లో మనం ఒంటె అని పిలిచే పక్క పైకొచ్చేలా, వరసగా నిలబెట్టి బిడారు చేశారు. అట్టపెట్టెల్లో ఒక్కొక్కరిది ఒక్కో ఎడారి. మా మిచిద్ తన పెట్టెలో ఏమీ పెట్టకుండా ఒక పక్క అట్ట కోసేసి, అక్కడ ఒంటె వెంట్రుకల దారం బిగించింది. ఇదేమిటే అన్నాను. "గాలి" అంది. పెట్టె తీసుకెళ్లి వాకిట్లో పెట్టింది. గాలికి దారం మూలిగింది. అది మా ఇంటి వెనక గాలి మూలుగే. నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. వింటున్నానని తెలీకుండా వింటున్నది.

అప్పుడే జిల్లా నుంచి అధికారులు వస్తున్నారని కబురొచ్చింది.

అందరం ఇదే హాల్లో కూర్చున్నాం. గుర్తుందా? పెట్టెలన్నీ ఈ బల్లల మీదే ఉన్నాయి. చెర్మా అక్క ముక్కు మూసుకుని, "బయటివాళ్లొచ్చి ఈ పేడ చూస్తే మన మొహాన ఉమ్మెయ్యరూ?" అంది. అక్కా, కోపం తెచ్చుకోకు. నువ్వు పైకి అన్నావు, మేం మనసులో అనుకున్నాం, అంతే తేడా. తర్వాత నేను లేచాను. సంఘం అధ్యక్షుణ్ణి కదా, ఏదో ఒకటి చెప్పాలి కదా. పెట్టెలన్నీ తిరిగి చూసి, పెద్ద తెలిసినవాడిలా, "ఇది ఎడారిలా లేదు" అన్నాను.

వింటున్నారా? గోబీలో పుట్టి, గోబీ దుమ్ము తిని, గోబీ ఒంటెల కడుపులో చెయ్యి పెట్టి బతికే నేను, గోబీ గులకరాళ్లు చూసి ఇది ఎడారిలా లేదన్నాను. మీరు చప్పట్లు కొట్టారు. ఎడారంటే ఎలా ఉండాలో మనకి టీవీ చెప్పింది. మిఠాయి డబ్బా మీది బొమ్మ చెప్పింది. పసుపు ఇసుక ఉండాలి, ఖర్జూర చెట్టుండాలి, తలపాగా ఉండాలి. సగం రోజు దూరంలో ఉన్న దిబ్బల దాకా లారీ పంపి ఇసుక తెప్పించాం. చెర్మా అక్క రాజధాని నుంచి కాగితపు చెట్లు తెప్పించింది. రాత్రికి రాత్రి మన పిల్లల ఎడారిని బాయిలర్ గది వెనక్కి మోయించి, ఎవరిదో ఎడారి తెచ్చి ఇక్కడ నిలబెట్టాం. మనల్ని చూసి మనమే సిగ్గుపడ్డాం. ఇవాళ ఆ సిగ్గుకి సిగ్గుగా ఉంది.

అధికారులొచ్చారు. ఎంతో మెచ్చుకున్నారు. ఒకాయన వంగి మా మిచిద్‌ని, "ఇదేం చెట్టమ్మా?" అని ముద్దుగా అడిగాడు. అది, "తెలీదండీ, నిన్న లేదు. రాత్రే మొలిచింది" అంది. ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు. నేను ఇంటికెళ్లాక పరువు తీశావని దాన్ని తిట్టాను. పరువు తీసింది ఎవరు, చెప్పండి?

తర్వాత ఆయన టీచరమ్మ వైపు తిరిగి, ఇంత చక్కగా ఎవరు చేశారని అడిగాడు. ఒక్క మాట చాలు, మన బండారం బయటపడిపోయేది. ఆవిడ మన వరస వంక చూసింది. ఒక్కొక్కరినీ చూసింది. చూసి, "తల్లిదండ్రులు చాలా కష్టపడ్డారండీ" అంది. అంతే. అబద్ధం ఆడలేదు. మనల్ని పట్టివ్వలేదు. మనకు బహుమతొచ్చింది. పిల్లలు మాత్రం చప్పట్లు కొట్టలేదు. అది మనం చూశాం, చూడనట్టు ఊరుకున్నాం.

ఇప్పుడు చెప్పబోయేది మీలో చాలామందికి తెలీదు. సభ ముగిశాక ఆవిడ పెట్టెల కోసం బాయిలర్ గది వెనక్కి వెళ్లింది. నేను జీపు తీయడానికి అటే వెళ్లాను. పెట్టెల్లేవు. బాయిలర్ చూసే పుంచగ్ ఎదురొచ్చి, సంతోషంగా, "ఎవరో మంచి ఎండు పేడ, జాగ్ పుల్లలు అట్టపెట్టెల్తో సహా ఇచ్చిపోయారు టీచరమ్మా, భలే మండాయి. హాలు వెచ్చగా ఉందా?" అన్నాడు. పుంచగ్‌ని ఏమనగలం? పేడా పుల్లలూ పొయ్యి దగ్గర పెడితే మన ఊళ్లో ఎవరైనా చేసే పని అదే. మనమే పెట్టాం. అతను కాల్చాడు. అతిథులు ఆ రోజు కోట్లు విప్పి హాయిగా కూర్చున్నది మన పిల్లల ఎడారి మంట మీద.

ఆవిడ పుంచగ్‌ని ఒక్క మాట అనలేదు. చాలా వెచ్చగా ఉందని చెప్పింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, బూడిదలో చెయ్యి పెట్టి, కీలు ఎముకలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. నల్లగా మాడిపోయాయి, కానీ విరగలేదు. నేను జీపు పక్కన నిలబడి చూశాను. వెళ్లి పక్కన కూర్చోవచ్చు. రెండు చేతులున్నాయి నాకు. వెళ్లలేదు. జీపెక్కి ఇంటికెళ్లిపోయాను. వేసవంతా ఆవిడ ఎదురుపడితే ఒంటె జబ్బుల గురించి మాట్లాడాను. ఒకరోజు చెబుదాంలే అనుకున్నాను. ఇదిగో, ఇవాళ చెబుతున్నాను, ఆవిడ లేనప్పుడు.

ఆ ఎముకల్ని ఆవిడ పిల్లలకు తిరిగిచ్చింది. ఒక్కటే చెప్పింది: "ఇప్పుడిది నిజంగా ఎడారి దాటొచ్చిన బిడారు." బడి మూసే రోజున వాళ్లని ఊరి బయటికి తీసుకెళ్లి ఆ ఎడారి ప్రాజెక్టులో చివరి భాగం చేయించింది. ఏం చేయించిందని మిచిద్‌ని అడిగితే మూడు నెలలు చెప్పలేదు. ఇవాళ మెట్ల మీద చెప్పింది. నిలబడి విన్నారట. అంతే. ఎడారి చప్పుడు వినండి అని చెప్పి, ఆవిడ కూడా వాళ్ల మధ్యలో కళ్లు మూసుకుని నిలబడిందట. ఎవరో, ఏమీ వినపడటం లేదు టీచరమ్మా అంటే, "మొదట అంతే. ఇంకాసేపు నిలబడు" అందట.

డైరెక్టర్ గారూ, ఆ తీర్మానం ఎజెండాలోంచి తీసేయండి. పలక నాకివ్వండి, ఉత్తరాన ఆవిడ చెల్లెలుంది, ఆమెకు ఇస్తాను, ఏం చేయాలో ఆమెకు తెలుసు. చెర్మా అక్కా, ఆ చెట్లు నువ్వే కట్టావు, ముడులు ఎక్కడున్నాయో నీకే తెలుసు, వచ్చి విప్పు. నేను పట్టుకుంటాను. బహుమతి వెనక్కిమ్మంటే ఇద్దాం. ఇసుక ఎక్కడి నుంచి తెచ్చామో అక్కడే పోసొద్దాం. ఈ మూల ఖాళీగా ఉండనివ్వండి. అందులో ఏం పెట్టాలో పిల్లలు చెబుతారు. చెప్పకపోతే ఖాళీగానే ఉంచుదాం, మన ఎడారి అలాగే ఉంటుంది.

రా అక్కా. అదీ. ఇంకొకటుంది. అయిపోయింది.

పుంచగ్, ఆ రెండు తలుపులూ తెరువు. బార్లా తెరువు. దుమ్ము వస్తే రానీ. మిచిద్, చెట్లు లేవమ్మా, లోపలికి రండి. మీరు తెచ్చుకున్న ఆ కీలు ఎముకలు మీ చేతుల్లోనే ఉంచుకోండి. ముందు వరసలో నిలబడండి. పెద్దవాళ్లం మేం మీ వెనక నిలబడతాం.

అందరూ లేవండి. టోపీలు తీయండి. గడియారాలు చూడొద్దు. ఎప్పుడు కూర్చోవాలో పిల్లలు చెబుతారు. మొదట ఏమీ వినపడదు. ఇంకాసేపు నిలబడదాం.